మినమాటాలో మూడేళ్ళు

ఛాయాచిత్రం వెలుగునీడలతో వ్రాసిన లేఖ వంటిది. చిత్రకారుడు తాను చూడనిదానిని కూడ ఊహించి చిత్రించగలడు. కవి కూర్చున్నచోటనే లంకాదహనాన్ని వర్ణించగలడు. ఛాయాగ్రాహకునికి ఆ వెసులుబాటు లేదు. నిప్పు ఉన్నచోటికి ఆయన స్వయంగా పోవాలి. కన్నీరు కారుతున్నచోట ఆయన ఎదురుగా నిలబడాలి. అందుచేతనే మరే కళాకారునికీ ఎదురుకాని ఒక ప్రశ్న ఆయనకు ఎదురవుతుంది. కష్టంలో ఉన్న మనిషిని చిత్రంగా మలచి లోకానికి చూపే అధికారం తనకు ఎవరిచ్చారు? అందుకు బదులుగా ఆ మనిషికి తాను ఏమి అచ్చుకోవాలి? అమెరికా దేశపు ఛాయాగ్రాహకుడు డబ్ల్యూ. యూజీన్ స్మిత్ తన జీవితమంతా ఈ ప్రశ్నతోనే పెనుగులాడాడు. ఆ పెనుగులాట పరాకాష్ఠకు చేరినది ఆయన స్వదేశంలో కాదు. జపానులోని మినమాటా అనే చిన్న పట్టణంలో.

స్మిత్ 1918 డిసెంబరు 30న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, విచిటా నగరంలో జన్మించాడు. తండ్రి ధాన్యపు వ్యాపారి. 1930ల ఆర్థికమాంద్యంలో వ్యాపారం చితికిపోగా 1936లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరణాన్ని గురించి స్థానిక పత్రికలు వ్రాసినదానికీ జరిగినదానికీ పొంతన లేకపోవడం పదిహేడేళ్ళ కుమారుని మనసును గాయపరచింది. అప్పటికే పత్రికలకు ఫొటోలు తీసి ఇస్తున్న ఆ కుర్రవాడు ఇక ఈ వృత్తి వద్దనుకున్నాడు. నిజాయితీ అనేది వృత్తిలో ఉండదనీ, వృత్తి చేసే మనిషిలో ఉంటుందనీ ఒక మిత్రుడు నచ్చజెప్పిన మీదట మనసు మార్చుకున్నాడు. ఆ మాట ఆయనను చివరివరకు వదలలేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో స్మిత్ పసిఫిక్ సముద్రంలోని ద్వీపాలకు యుద్ధ ఛాయాగ్రాహకుడిగా వెళ్ళాడు. ‘లైఫ్’ వారపత్రిక కోసం సైపాన్, ఇవో జిమా, ఒకినావా యుద్ధాలను చిత్రించాడు. జపాను వారితో ఆయన తొలి పరిచయం శత్రువులుగానే జరిగిందన్నమాట. అయితే 1944లో సైపాన్ ద్వీపపు కొండగుహలలో తలదాచుకున్న స్త్రీలను, పసిపిల్లలను చూసినప్పుడు ఆ శత్రుభావం ఆయనలో నిలువలేదు. వారి స్థానంలో తన భార్య, తన బిడ్డలు ఉన్నట్లే ఆయనకు తోచింది. చావుబ్రతుకుల మధ్య ఉన్న పసికందును ఒక సైనికుడు చేతులలోకి తీసుకున్న దృశ్యాన్ని అక్కడే చిత్రించాడు. 1945 మే 22న ఒకినావాలో ఫిరంగిగుండు పేలి స్మిత్ ముఖమూ ఎడమచేయీ ఛిద్రమయ్యాయి. తరువాత రెండేళ్ళపాటు శస్త్రచికిత్సలతోనే కాలం గడిచింది. ఆ గాయాల బాధ జన్మాంతం వెంటాడింది. జపాను నేలపై ఆయన చెల్లించిన మొదటి మూల్యం అది. రెండవది మరో ఇరవయ్యారేళ్ళ తరువాత, ఒక కర్మాగారం లోపల.

యుద్ధానంతరం ‘లైఫ్’ పత్రికలో స్మిత్ ప్రచురించిన చిత్రకథనాలు ఆ ప్రక్రియకే ప్రమాణాలయ్యాయి. 1948లో కొలరాడో కొండప్రాంతపు పల్లె వైద్యుడు, 1951లో ఒక స్పెయిన్ గ్రామం, అదే ఏడాది దక్షిణ కరోలినాలో పేద నల్లజాతి కుటుంబాలకు పురుడుపోసే మంత్రసాని మోడ్ కాలెన్, 1954లో ఆఫ్రికాలో ఆసుపత్రి నడిపిన ఆల్బర్ట్ ష్వైట్జర్ – ఇవన్నీ ఆయన చిత్రకథనాలకు వస్తువులు. తాను చిత్రించేవారితో వారాల తరబడి గడపడం, వారి నమ్మకం సంపాదించిన తరువాతనే పని మొదలుపెట్టడం ఆయన పద్ధతి. ఏ చిత్రం ఎంత పరిమాణంలో, ఏ వరుసలో అచ్చుకావాలో తానే నిర్ణయించాలని పట్టుబట్టేవాడు. సంపాదకులతో తగవులు పడి, చివరకు మంచి జీతం వచ్చే ఆ కొలువును వదులుకున్నాడు.

చీకటిగదిలో ఆయన పడే శ్రమ వృత్తివారిలో ఒక గాథగా చెప్పుకొనేవారు. ఫిల్ము మీద పడిన ప్రతిబింబాన్ని రసాయనాల సహాయంతో కాగితం మీదికి దింపే ఆ కాలంలో, ఒక్కొక్క ప్రతి కోసం ఆయన రోజులు వెచ్చించేవాడు. కుంచెతో మందు అద్ది ముఖంపై వెలుగును పెంచేవాడు. అనవసరమనిపించిన నేపథ్యాన్ని చీకటిలోకి తోసేవాడు. ష్వైట్జర్ చిత్రం ఒకదానిలో ముందుభాగాన కనిపించే రంపపు పిడి, చేతి నీడ వేరొక ఫిల్ము నుండి తెచ్చి కలిపినవని తరువాతి కాలంలో వెల్లడైంది. సత్యం కోసం కొలువునే విడిచిన వ్యక్తి ఇలా చేయవచ్చునా అనే ఆక్షేపణ న్యాయమైనదే. వార్తాచిత్రంగా ప్రకటించినదానికి ఆ స్వేచ్ఛ తగదనే చెప్పాలి. స్మిత్ మాత్రం కంటికి కనబడినదానికంటె తాను గ్రహించినదే సత్యమని నమ్మాడు. ఆ నమ్మకంలోని బలమూ బలహీనతా రెండూ ఆయన కృషిలో కనిపిస్తాయి.

1961లో హిటాచీ సంస్థ తన కర్మాగారాలను, కార్మికులను చిత్రించడానికి స్మిత్‌ను జపానుకు ఆహ్వానించింది. యుద్ధంలో బూడిదైన దేశం పదహారేళ్ళలో ఉక్కు కొలుములతో, విద్యుత్ యంత్రాలతో మళ్ళీ లేచి నిలబడడాన్ని ఆయన ఏడాదిపాటు తిరిగి చూశాడు. ఒకవంక ఆకాశాన్నంటే పొగగొట్టాలు, మరొకవంక ఒడ్డున వలలు ఆరబెట్టుకొనే బెస్తవారు – ఈ రెండు జపానులూ ఆయన కంటబడ్డాయి. ఆ చిత్రాలు 1963లో పుస్తకరూపంలో వచ్చాయి. ఆ పొగగొట్టాలకూ ఆ వలలకూ మధ్య ఎంత ఘోరమైన సంబంధం ఏర్పడుతున్నదో ఆనాడు ఆయనకు తెలియదు.

1970 నాటికి స్మిత్ న్యూయార్కులో ఆర్థికంగా, శారీరకంగా చితికిపోయి ఉన్నాడు. ఆ సంవత్సరం ఒక జపాను ఫిల్ము సంస్థ ప్రకటన చిత్రీకరణకు దుబాసీగా వచ్చిన ఐలీన్ మియోకో అనే ఇరువది యేండ్ల యువతితో ఆయనకు పరిచయమైంది. ఆమె టోక్యోలో పుట్టింది. తల్లి జపాను దేశస్థురాలు, తండ్రి అమెరికన్. అదే సమయంలో మొతొమురా కజుహికో అనే జపాను ప్రచురణకర్త న్యూయార్కు వచ్చి మినమాటా సంగతి వారి చెవిని వేశాడు. 1971లో స్మిత్ జీవితకృషి అంతా ఒక ప్రదర్శనగా న్యూయార్కులో ఏర్పాటైంది. పక్షపాతం తప్పనిసరి అయితే అది సత్యం పక్షాన ఉండాలన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టుకున్నాడు. ఆ ప్రదర్శన టోక్యోకు తరలగా స్మిత్, ఐలీన్‌లు కూడ జపాను చేరారు. ఆగస్టులో వివాహం చేసుకున్నారు. సెప్టెంబరులో మినమాటాకు కాపురం వెళ్ళారు. మూడు నెలలు ఉందామనుకున్నవారు మూడేళ్ళు ఉండిపోయారు.

జపాను దక్షిణభాగంలోని క్యూషూ ద్వీపంలో, కుమమోటో రాష్ట్రంలో, షిరనుయి సముద్రపు ఒడ్డున మినమాటా ఉంది. కొండలకూ దీవులకూ నడుమ సరస్సువలె నిలిచిన ఆ సముద్రంలో చేపలకు కొదవ లేదు. 1908లో అక్కడ ఒక రసాయన కర్మాగారం వెలసింది. ఎరువుల తయారీతో ఎదిగిన ఆ సంస్థ తరువాతి పేరు చిస్సో. జపాను భాషలో ఆ మాటకు నత్రజని అని అర్థం. ఊరికి ఉద్యోగాలనూ పన్నుల ఆదాయాన్నీ ఇచ్చినది అదే కనుక జనం దానిని కల్పవృక్షంగా భావించారు. 1932 నుండి ఆ కర్మాగారం అసిటాల్డిహైడ్ అనే రసాయనాన్ని తయారుచేయసాగింది. ఈ తయారీలో పాదరసపు లవణం ఉత్ప్రేరకం. చర్య జరిగేటప్పుడు కొంత పాదరసం మిథైల్ పాదరసం అనే తీవ్రమైన విషంగా మారి, వ్యర్థజలంతో కలిసి సముద్రంలోకి పోయేది.

1950లలో ఆ తీరపు పల్లెలలో వింతలు మొదలయ్యాయి. చేపలు తేలిపోయాయి. కాకులు ఎగురుతూ ఎగురుతూ కూలిపోయాయి. పిల్లులు ఒళ్ళు తెలియకుండా గిరగిర తిరిగి, గంతులు వేసి, నీటిలోకి దూకి చచ్చాయి. పల్లెవారు దీనిని పిల్లుల నాట్యరోగం అన్నారు. తరువాత వంతు మనుషులది. వ్రేళ్ళు మొద్దుబారడం, నడక తడబడడం, మాట ముద్దకావడం, చూపు చుట్టూ కుంచించుకొని గొట్టంలోనుండి చూసినట్లు కావడం, చివరకు వంకరలు తిరిగి ప్రాణం పోవడం. 1956 మే 1న ఆ కర్మాగారపు ఆసుపత్రి అధిపతి డాక్టర్ హొసొకావా హజిమె ఈ అంతుబట్టని వ్యాధిని గురించి ఆరోగ్యశాఖకు అధికారికంగా తెలియజేశాడు. ఆ తేదీనే మినమాటా వ్యాధి గుర్తింపు దినంగా నేటికీ లెక్కిస్తారు.

విషం ఎలా ప్రయాణించిందో ఇక్కడ తెలుసుకోవాలి. నీటిలో కలిసిన మిథైల్ పాదరసాన్ని సూక్ష్మజీవులు గ్రహిస్తాయి. వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తింటాయి. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొద్దీ విషం చిక్కబడుతుంది. మూడు పూటలా చేపలే ఆహారమైన బెస్త కుటుంబాలు ఆ నిచ్చెన చివరి మెట్టున ఉన్నాయి. మెదడును రక్షించే పొరను దాటి నరాలను తినివేసే ఈ పదార్థం మావిని కూడ దాటుతుంది. తల్లి కడుపులోని శిశువుకు మావి కంచుకోట వంటిదనీ, విషం దానిని దాటదనీ ఆనాటి వైద్యులు విశ్వసించేవారు. మినమాటా ఆ విశ్వాసాన్ని కూల్చివేసింది. తల్లి శరీరంలోని పాదరసం కడుపులోని బిడ్డకు చేరగా, మెదడు దెబ్బతిన్న శిశువులు పుట్టారు. వారి వ్యాధి కూడ ఇదేనని 1962లో గుర్తించారు.

కారణం తెలియక జరిగిన అపకారం ఒక ఎత్తు. తెలిసిన తరువాత జరిగినది మరొక ఎత్తు. 1959లో డాక్టర్ హొసొకావా కర్మాగారపు వ్యర్థజలాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూశాడు. లెక్కలో దాని సంఖ్య 400. అదే రోగం దానికీ వచ్చింది. యాజమాన్యం ఆ ఫలితాన్ని బయటపడనీయలేదు. అదే సంవత్సరం కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాధికి మూలం సేంద్రియ పాదరసమని తేల్చారు. కంపెనీ ఒప్పుకొనలేదు. డిసెంబరులో నీటిని శుద్ధిచేసే యంత్రమంటూ ఒకదానిని ఆర్భాటంగా ప్రారంభించింది. ఆ ఉత్సవంలో సంస్థ అధ్యక్షుడు గ్లాసెడు నీరు అందరి ఎదుటా త్రాగి చూపించాడు. నిజానికి ఆ యంత్రం పాదరసాన్ని తొలగించడానికి నిర్మించినదే కాదు. అదే నెలాఖరున రోగులతో కంపెనీ ఒక ఒప్పందం చేసుకుంది. మరణించినవారికి 3 లక్షల యెన్లు, పెద్దలైన రోగులకు ఏటా లక్ష, పిల్లలకు ఏటా 30 వేలు. దీనికి నష్టపరిహారమని కాక సానుభూతి ధనమని పేరు పెట్టారు. వ్యాధికి కారణం కర్మాగారమేనని భవిష్యత్తులో రుజువైనా మరేమీ అడగరాదని అందులో ఒక షరతు. కూటికి లేక, చేతికి పని లేక ఉన్నవారు సంతకాలు చేశారు.

మరి తొమ్మిదేళ్ళు గడిచాయి. 1968 మేలో అసిటాల్డిహైడ్ ఉత్పత్తి ఆగిపోయింది. ఆ సెప్టెంబరులో గాని ప్రభుత్వం వ్యాధికి కర్మాగారమే కారణమని ప్రకటించలేదు. 1969 జూన్‌లో కొన్ని కుటుంబాలు న్యాయస్థానానికి వెళ్ళాయి. క్యాన్సరుతో మంచం పట్టిన డాక్టర్ హొసొకావా 1970లో ఆసుపత్రి మంచం మీదనుండే 400వ పిల్లి సంగతి సాక్ష్యంగా చెప్పి, కొద్ది నెలలకే కన్నుమూశాడు. కవామోటో తెరువో అనే రోగి నాయకత్వంలో మరొక వర్గం కోర్టుతో పని లేకుండా కంపెనీతో ముఖాముఖి తేల్చుకుంటామని 1971 డిసెంబరులో టోక్యోలోని ప్రధాన కార్యాలయం ఎదుట బైఠాయించింది. ఇంతకంటె బాధాకరమైనది ఊరివారి వైఖరి. కర్మాగారం మూతపడితే తమ బ్రతుకులేమవుతాయోనన్న భయంతో వారు రోగులను దూరం పెట్టారు. మొదట అంటురోగమని వెలివేశారు. తరువాత డబ్బుకోసం నటిస్తున్నారని ఎత్తిపొడిచారు. ఉప్పు తిన్నవారే విషం తిన్నవారిని నిందించిన స్థితి అది.

ఇటువంటి ఊరిలో స్మిత్ దంపతులు రోగుల కుటుంబాలు నివసించే పల్లెలోనే ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇంటిలోనే చీకటిగది కట్టుకున్నారు. ఇషికావా తాకెషి అనే జపాను యువకుడు సహాయకుడిగా చేరాడు. స్మిత్‌కు జపాను భాష రాదు. ఐలీన్ మాటలు అనువదించేది. క్రమంగా ఆమె కూడ కెమెరా పట్టి సమాన భాగస్వామి అయింది. వారు మినమాటాను కనుగొన్నవారు కారని మాత్రం గుర్తుంచుకోవాలి. కువబారా షిసెయి అనే జపాను ఛాయాగ్రాహకుడు 1960 నుండే అక్కడ చిత్రాలు తీసి, 1962లో టోక్యోలో ప్రదర్శించాడు. ఆ ప్రాంతపు గృహిణి ఇషిమురె మిచికో రోగుల వేదనను గ్రంథస్థం చేసి 1969లో ప్రకటించింది. ఇంట్లోవారు ఎంత మొత్తుకున్నా వినని లోకం, పొరుగువాడు వచ్చి చెబితే వింటుంది. స్మిత్‌కు లభించిన కీర్తిలో ఆ లోకరీతి పాలు కూడ కొంత ఉంది.

ఆయన పని తీరులో తొందర లేదు. పడవలపై బెస్తవారి వెంట వేటకు పోయేవాడు. రోగుల ఇండ్లలో చాపల మీద కూర్చుని, అర్థంకాని సంభాషణను గంటల తరబడి వినేవాడు. వంకరపోయిన వ్రేళ్ళను మాత్రమే చిత్రించి ఊరకొనలేదు. ఆ వ్రేళ్ళతోనే పనిచేసుకొంటున్న మనిషిని చిత్రించాడు. వ్యర్థజలాన్ని సముద్రంలోకి వదిలే గొట్టాన్ని, ఆసుపత్రి వసారాలను, అంత్యక్రియలను, కోర్టుకు వెళ్తూ చనిపోయిన ఆత్మీయుల పటాలను గుండెలకు హత్తుకున్న స్త్రీలను చిత్రించాడు. టోక్యోలో కంపెనీ అధ్యక్షునికి ఎదురుగా బల్ల మీదనే కూర్చుని నిలదీస్తున్న కవామోటోను చిత్రించాడు. రోగిని కేవలం దయనీయునిగా కాక పోరాడుతున్న మనిషిగా చూపడం ఈ చిత్రాలలోని విశేషం.

1972 జనవరి 7న టోక్యో సమీపంలోని గోయి అనేచోట అదే సంస్థకు చెందిన కర్మాగారానికి కవామోటో వర్గంవారు వెళ్ళారు. అక్కడి కార్మిక సంఘంతో మాట్లాడవలెనని వారి ఉద్దేశం. వారి వెంట స్మిత్ కూడ ఉన్నాడు. సమావేశం జరగలేదు. కర్మాగారపు మనుషులు గుంపుగా వచ్చి అందరినీ బయటకు నెట్టారు. స్మిత్‌ను పట్టుకుని కొట్టి నేలకు విసరివేశారు. మెడ ఎముకలు, నరాలు దెబ్బతిన్నాయి. తరువాత చాలాకాలం తీవ్రమైన తలనొప్పులు, చూపు మసకబారడం ఆయనను బాధించాయి. కన్నే పనిముట్టుగా బ్రతికే మనిషికి ఇంతకంటె క్రూరమైన దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన అమెరికాకు తిరిగిపోలేదు. కోలుకున్నంతవరకు కోలుకుని మినమాటాకే వెళ్ళాడు.

ఈ సంఘటనకు కొద్దివారాల ముందు, 1971 డిసెంబరులో, స్మిత్ తన జీవితంలో అన్నిటికంటె ప్రసిద్ధమైన చిత్రాన్ని తీశాడు. గర్భంలో ఉన్నప్పుడే వ్యాధి సోకిన ఒక బాలిక ఉంది. 1956లో పుట్టిన ఆమెకు చూపు లేదు, మాట లేదు. కాళ్ళుచేతులు వంకరలు తిరిగి కట్టెబారాయి. తన శరీరంలోని విషాన్నంతా ఈ తొలిబిడ్డే పీల్చుకుందనీ, అందువల్లనే తానూ తరువాత పుట్టిన బిడ్డలూ ఆరోగ్యంగా ఉన్నామనీ తల్లి నమ్మకం. అందుకే ఆ ఇంట ఆమెను నిధి వంటి బిడ్డగా చూసుకొనేవారు. జపాను ఇండ్లలో లోతైన తొట్టిలో వేడినీరు నింపి, మెడవరకు మునిగి స్నానం చేయడం ఆచారం. ఒకనాటి మధ్యాహ్నం, ఆ చిన్న స్నానాలగది మసక వెలుతురులో, తల్లి కూతురిని చేతులపై నిలుపుకుని స్నానం చేయిస్తుండగా, ఆమె అంగీకారంతో స్మిత్ చిత్రం తీశాడు. బిడ్డ చూపులేని కళ్ళు పైకి తెరచి ఉన్నాయి. తల్లి ముఖంలో ఏడుపు లేదు. ప్రతి తల్లీ తన బిడ్డను చూసే చూపే ఆమెలోనూ ఉంది. ఆ చూపే ఈ చిత్రానికి ప్రాణం.

క్రౌంచపక్షి చావును చూసిన వాల్మీకి శోకం కావ్యమైందని మన పెద్దలు చెబుతారు. కరుణరసాన్ని ఆస్వాదించేటప్పుడు కూడ సహృదయునికి ఆనందమే కలుగుతుందని ఆలంకారికులు సిద్ధాంతం చేశారు. కాని ఆ రసం పాఠకునిది, శోకం పాత్రది. పాత్ర కావ్యలోకానికి చెందినదైతే ఏ చిక్కూ లేదు. ఛాయాచిత్రంలోని పాత్ర రక్తమాంసాలున్న మనిషి. ఆమెకు ఇల్లు ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు. చూసినవారు గొప్ప చిత్రమని మెచ్చుకుని పుట మూసివేస్తారు; ఆమె మాత్రం ఆ పుటలోనే ఉండిపోవాలి. ఈ భేదాన్ని స్మిత్ ఎరిగినవాడే. తనకు రెండు బాధ్యతలున్నాయనీ, మొదటిది తాను చిత్రించినవారి పట్ల, రెండవది చూసేవారి పట్ల అనీ ఆయన చెప్పుకున్నాడు. ఈ రెండూ ఎప్పుడూ ఒకేవైపు నడుస్తాయన్న నమ్మకం మాత్రం లేదు.

1972 జూన్ 2న ‘లైఫ్’ పత్రిక మినమాటా చిత్రాలను ప్రచురించింది. ప్రపంచం ఒక్కసారి ఆ ఊరివంక చూసింది. ఆ డిసెంబరులోనే వారపత్రికగా ‘లైఫ్’ నిలిచిపోయింది. 1973 మార్చి 20న కుమమోటో న్యాయస్థానం రోగుల పక్షాన తీర్పు చెప్పింది. 1959 నాటి సానుభూతి ఒప్పందం నీతికీ న్యాయానికీ విరుద్ధమైనది కనుక చెల్లదని త్రోసిపుచ్చి, ఒక్కొక్కరికి 1 కోటి 60 లక్షల నుండి 1 కోటి 80 లక్షల యెన్ల వరకు పరిహారం విధించింది. జూలైలో కంపెనీ మిగిలిన రోగులతో కూడ ఒప్పందానికి వచ్చింది. టోక్యోలో బైఠాయింపు ముగిసింది. ఈ విజయం చిత్రాల వలన కలిగినదని కొందరు వ్రాస్తారు. అది సరికాదు. నాలుగేళ్ళు కోర్టు మెట్లెక్కినవారు రోగులు. చలిలో రోడ్డు మీద పడుకున్నవారు రోగులు. చిత్రాలు వారి గొంతును సముద్రాలు దాటించాయి. అది చిన్న సహాయమేమీ కాదు.

1974లో దంపతులు మినమాటాను విడిచారు. మరుసటి ఏడాది ఇద్దరి పేర్లతో ‘మినమాటా’ గ్రంథం అమెరికాలో వెలువడింది. దాని తొలిమాటలలోనే స్మిత్ పత్రికారంగం పూజించే నిష్పాక్షికత అనే మాటను త్రోసిపుచ్చాడు. విషం త్రాగినవానికీ త్రాగించినవానికీ మధ్య సమదూరంలో నిలబడడం సత్యం కాదని ఆయన భావం. అంతమాత్రాన ఎదుటిపక్షాన్ని రాక్షసులుగా చిత్రించలేదు. కంపెనీవారి మాటలకూ పుస్తకంలో చోటిచ్చాడు. పక్షం వహించినవాడు వాస్తవాలను మరింత జాగ్రత్తగా చూపాలన్న నియమాన్ని ఇక్కడ చక్కగా పాటించాడు. ష్వైట్జర్ చిత్రంలో రంపపు పిడి అతికించిన మనిషి ఇంతదూరం వచ్చాడు. గ్రంథం వెలువడేనాటికి ఆరోగ్యం పూర్తిగా పాడైంది, దంపతులు విడిపోయారు. అరిజోనా విశ్వవిద్యాలయంలో బోధన చేపట్టిన కొద్దికాలానికే, 1978 అక్టోబరు 15న, అరవై ఏళ్ళు నిండకుండానే స్మిత్ మరణించాడు.

చిత్రంలోని బాలిక అంతకు ముందు ఏడాదే, ఇరవయ్యొకటవ యేట కన్నుమూసింది. చిత్రం మాత్రం బ్రతికే ఉంది. పాఠ్యపుస్తకాలలో, గోడపత్రాలలో, ప్రదర్శనలలో ఆమె రూపం మళ్ళీ మళ్ళీ కనిపించేది. దానివలన ఆ కుటుంబానికి డబ్బు బాగా వచ్చిందని ఊరిలో పుకార్లు పుట్టాయి. రానిడబ్బుకు మాటలు పడడం ఒక బాధ. చనిపోయిన బిడ్డ నగ్నదేహం ఇంకా అందరి చూపులకూ గురికావడం అంతకు మించిన బాధ. ఇక తమ కూతురిని విశ్రమింపనీయాలని తండ్రి కోరాడు. మినమాటా చిత్రాల హక్కులు అప్పటికి ఐలీన్ చేతిలో ఉన్నాయి. 1998లో ఆమె ఆ ఇంటికి వెళ్ళి, ఆ ఒక్క చిత్రంపై నిర్ణయాధికారాన్ని తల్లిదండ్రులకే అప్పగించింది. దానిని కొత్తగా ప్రచురించబోమని మాట ఇచ్చింది. ఇరవయ్యవ శతాబ్దపు మహాచిత్రాలలో ఒకటిగా విమర్శకులు లెక్కించినదానిని ఇలా తెరవెనుకకు పంపడం సరికాదని వాదించినవారు లేకపోలేదు. లోకానికి హెచ్చరికగా అది కనబడుతూనే ఉండాలన్నది వారి మాట. వాదంలో బలం లేదనలేము. అయితే ఆ హెచ్చరిక మూల్యాన్ని పాతికేళ్ళు చెల్లించినది వాదించేవారు కాదు, ఆ తల్లిదండ్రులు. అందుచేత ఐలీన్ చేసినదే సమంజసం. ఆ బాలిక పేరు ఈ పాఠంలో చెప్పకపోవడానికి కూడ కారణం అదే. 2020లో మినమాటా కథ చలనచిత్రంగా వచ్చి, అందులో ఆ స్నానఘట్టాన్ని తిరిగి చిత్రించినప్పుడు ఈ చర్చ మరల రేగింది.

2004 అక్టోబరులో జపాను సర్వోన్నత న్యాయస్థానం, వ్యాధి వ్యాపించకుండా ఆపనందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కూడ బాధ్యులేనని తీర్పు ఇచ్చింది. 2013లో పాదరసం వాడకాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం కుమమోటోలోనే కుదిరి, మినమాటా ఒప్పందమన్న పేరుతో 2017 ఆగస్టులో అమలులోకి వచ్చింది. భారతదేశం 2018లో దానిని ఆమోదించింది. విషపు బురద పేరుకున్న సముద్రభాగాన్ని పూడ్చి 58 హెక్టార్ల నేలగా మార్చారు. చేపలు బయటకు పోకుండా అఖాతానికి అడ్డంగా కట్టిన వలను 1997లో తొలగించారు. 1993లో అక్కడ వెలసిన వ్యాధి స్మారక ప్రదర్శనశాలలో రోగులూ వారి బంధువులూ సందర్శకులకు తమ కథను తామే చెప్పడం మొదలుపెట్టారు. తల్లి గర్భంలో ఉండగానే విషం సోకినవారు కూడ వారిలో ఉన్నారు. చక్రాల కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క మాటను కూడదీసుకుంటూ వారు చెబుతుంటే, బడిపిల్లలు మౌనంగా వింటారు.